కిరాణా కూపను

కిరాణా కూపను అనగా నిత్యావసర సరుకులు కొనునప్పుడు దుకాణంలో ఇస్తే, దానిపై పేర్కొన్న మేరకు ధరలో తగ్గింపు లభించే చీటీ. దీనిని సరుకు తయారుచేసే కంపెనీ గాని, అమ్మే దుకాణం గాని జారీ చేస్తుంది. ఈ పద్ధతి అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 19వ శతాబ్దపు చివర మొదలై, అక్కడే అత్యధికంగా వ్యాపించింది. ఆదివారపు వార్తాపత్రికలతో వచ్చే రంగుల పత్రాల నుండి ఈ చీటీలను కత్తిరించి దాచుకోవడం అక్కడి అనేక కుటుంబాలకు దశాబ్దాల పాటు వారపు అలవాటుగా ఉండేది. 21వ శతాబ్దంలో కూపన్లు క్రమంగా కాగితం నుండి ఫోనుకు మారాయి. కాస్త శ్రమ పడగలిగిన ఎవరికైనా అందుబాటులో ఉండిన తగ్గింపు, ఈ మార్పుతో ఫోను, ఇంటర్నెట్ లేనివారికి దూరమవుతున్నది. ఈ వ్యాసం ప్రధానంగా అమెరికాలోని కిరాణా కూపన్ల గురించి వివరిస్తుంది. భారతదేశంలోని పరిస్థితి చివర ఇవ్వబడింది.

పేరు

"కూపను" అనే మాట ఫ్రెంచి భాషలో "కత్తిరించు" అనే అర్థం గల "కూపే" అనే క్రియ నుండి వచ్చింది. పూర్వం ఋణపత్రాల అంచున ముద్రించిన చిన్న భాగాలను కత్తిరించి ఇచ్చి వడ్డీ తీసుకొనేవారు. ఆ భాగాలను కూపన్లు అనేవారు. తర్వాత ఈ పేరు ఇతర చీటీలకు కూడా వ్యాపించింది.

తెలుగునాట ఈ మాటకు వేరే అర్థాలు ఎక్కువ వాడుకలో ఉన్నాయి. చౌక ధరల దుకాణంలో సరుకు తీసుకోవడానికి ఇచ్చిన రేషను కూపను, పండుగ రోజులలో బట్టల దుకాణాలవారు ఇచ్చే లక్కీ డ్రా కూపను, ఉద్యోగులకు కంపెనీలు ఇచ్చే భోజనపు కూపను ఇటువంటివి. ఈ మూడింటికీ కిరాణా కూపనుకూ సంబంధం లేదు. అమెరికా ప్రభుత్వం పేదలకు ఇచ్చిన ఫుడ్ స్టాంపులు కూడా వేరు. అవి ఆహారం కొనుక్కోవడానికి ప్రభుత్వం చేసే సహాయం. కిరాణా కూపను వ్యాపారి ఇచ్చే తగ్గింపు మాత్రమే.

చరిత్ర

1880ల చివర అట్లాంటా నగరంలో కోకా కోలా పానీయాన్ని ప్రజలకు రుచి చూపించడానికి ఉచిత చీటీలు పంచారు. చీటీ తెచ్చినవారికి ఒక గ్లాసు పానీయం ఉచితంగా ఇచ్చేవారు. 1894 నుండి 1913 వరకు ఈ విధంగా సుమారు 85 లక్షల గ్లాసులు ఉచితంగా ఇచ్చినట్లు అంచనా. ఆధునిక కూపన్లకు ఇదే ఆరంభమని చెబుతారు. ఆ తరువాత కొద్ది కాలానికే మిషిగన్ రాష్ట్రంలోని బ్యాటిల్ క్రీక్ పట్టణానికి చెందిన ఆహార వ్యాపారి సి.డబ్ల్యు. పోస్ట్ తన గ్రేప్ నట్స్ అనే అల్పాహారానికి ఒక సెంటు కూపను ఇచ్చాడు. కిరాణా సరుకు ధరలో తగ్గింపునిచ్చే పద్ధతికి ఇది తొలి ఉదాహరణలలో ఒకటి.

1930లలో మహా ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు ప్రతి సెంటూ లెక్కపెట్టుకొనే పరిస్థితి ఏర్పడి కూపన్ల వాడకం పెరిగింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత సూపర్ మార్కెట్లు వీధి చివరి చిన్న దుకాణాల స్థానాన్ని ఆక్రమించాయి. దుకాణాలకు చేరిన లక్షల చీటీలను లెక్కించి కంపెనీల నుండి సొమ్ము రాబట్టడం పెద్ద పనిగా మారింది. దీనికోసం 1957లో నీల్సన్ సంస్థ ప్రత్యేకంగా ఒక క్లియరింగు విభాగాన్ని ప్రారంభించింది. 1972లో వలాసిస్ సంస్థ అనేక కంపెనీల కూపన్లను ఒకే రంగుల పత్రంలో ముద్రించి వార్తాపత్రికల మధ్యలో పెట్టి పంచడం మొదలుపెట్టింది. కొన్ని దశాబ్దాల పాటు కూపన్ల పంపిణీలో అధిక భాగం ఈ పత్రాల ద్వారానే జరిగింది. 2010 తరువాతి తొలి సంవత్సరాలలో అమెరికాలో ఏటా సుమారు 30,000 కోట్ల కూపన్లు పంచారు. వాటిలో నిజంగా దుకాణానికి చేరినవి సుమారు ఒక శాతం మాత్రమే.

రకాలు

* తయారీదారు కూపను: సరుకు తయారుచేసిన కంపెనీ ఇచ్చేది. ఆ సరుకు అమ్మే ఏ దుకాణంలోనైనా సాధారణంగా చెల్లుతుంది. దుకాణం కోల్పోయిన సొమ్మును కంపెనీ తిరిగి చెల్లిస్తుంది.
* దుకాణపు కూపను: ఒక దుకాణం లేదా ఒకే యాజమాన్యపు దుకాణాల వరుస ఇచ్చేది. ఆ దుకాణాలలోనే చెల్లుతుంది. తగ్గింపు భారం దుకాణమే భరిస్తుంది.
* రశీదు కూపను: డబ్బు కట్టే చోట రశీదుతో పాటు అచ్చయి వచ్చేది. కొన్న సరుకును బట్టి తదుపరిసారికి తగిన కూపను ఇస్తారు. 1983లో స్థాపించబడిన క్యాటలీనా సంస్థ దీనిని ప్రాచుర్యంలోకి తెచ్చింది.
* డిజిటల్ కూపను: దుకాణపు సభ్యత్వ ఖాతాలో ముందుగా ఎంచుకుంటే, ఫోను నంబరు చెప్పగానే బిల్లులో తగ్గేది.
* క్యాష్ బ్యాక్: ముందు పూర్తి ధర చెల్లించి, తరువాత రశీదు ఫొటోను ఫోను అప్లికేషనుకు పంపితే కొంత సొమ్ము తిరిగి వచ్చేది. ఇది నిజానికి కూపను కాదు, కానీ అదే అవసరానికి వాడతారు.

కూపన్లు దొరికే చోట్లు

కూపన్ల కోసం వెదికేవారు సాధారణంగా ఈ క్రింది చోట్ల చూస్తారు.

* ఆదివారపు పత్రికలు: వీటిలో వచ్చే కూపను పత్రాలు 2010ల నుండి బాగా పలుచబడ్డాయి. పండుగ సెలవుల వారాంతాలలో ఇవి రాకపోవడం మామూలు.
* దుకాణపు వారపు ప్రకటన పత్రం: ఆ వారం ఏ సరుకులు తగ్గింపు ధరకు అమ్ముతున్నారో తెలుపుతుంది. ఇది చాలా దుకాణాలలో ద్వారం దగ్గర ఉచితంగా దొరుకుతుంది. కూపను ఎప్పుడు వాడాలో నిర్ణయించడానికి ఇదే ఆధారం.
* సరుకు పొట్లాలు: అట్టపెట్టె లోపల, డబ్బా చుట్టూ ఉన్న కాగితం వెనుక, సీసా మెడకు తగిలించి కూపన్లు ఉంటాయి. పొట్లం పైన అతికించి, అక్కడికక్కడే ఒలిచి వాడుకొనేవి కూడా ఉంటాయి.
* దుకాణం అరలు: సరుకు ప్రక్కనే అమర్చిన చిన్న పెట్టె నుండి తీసుకోవచ్చు.
* కంపెనీల నుండి నేరుగా: పసిపిల్లల డైపర్లు, పాలపొడి వంటి వాటికి కంపెనీల వద్ద పేరు నమోదు చేసుకుంటే కూపన్లు పంపుతారు. సరుకు గురించి మెచ్చుకొంటూనో, లోపం తెలుపుతూనో వ్రాసినవారికి కూడా కొన్ని కంపెనీలు పంపుతాయి.
* ఇంటర్నెట్: 1990ల చివరి నుండి కూపన్లను ఇంట్లో ముద్రించుకొనే సదుపాయం వచ్చింది. ఒక కంప్యూటరు నుండి ఒక కూపనును సాధారణంగా రెండుసార్లు మాత్రమే ముద్రించనిస్తారు. ఒక్కో ముద్రణకు ఒక్కో సంఖ్య ఉంటుంది గనుక దానిని నకలు తీయడం నేరం.
* గ్రంథాలయాలు: కొన్ని గ్రంథాలయాలలో పాఠకులు తమకు అక్కరలేని కూపన్లను ఒక పెట్టెలో వేసి, కావలసినవి తీసుకొనే ఏర్పాటు ఉంటుంది.

అమెరికాలోని తెలుగు కుటుంబాలు పాలు, పెరుగు, డైపర్లు, సబ్బుల వంటి వాటికి ఈ కూపన్లను వాడతారు. కందిపప్పు, చింతపండు, ఇడ్లీ రవ్వ వంటి సరుకులకు తయారీదారు కూపన్లు సాధారణంగా ఉండవు. వాటికి భారతీయ దుకాణాలవారు వారాంతాలలోనూ, ఉగాది, దీపావళి వంటి పండుగలకూ ప్రకటించే తగ్గింపు ధరలే ఆధారం.

కూపనును చదివే విధానం

కూపను మీద పెద్ద అక్షరాలలో తగ్గింపు, చిన్న అక్షరాలలో షరతులు ఉంటాయి. చిన్న అక్షరాలే ముఖ్యమైనవి.

* గడువు తేదీ: ఆ రోజు దుకాణం మూసే వరకు చెల్లుతుంది.
* పరిమాణం: ఫలానా బరువు లేదా అంతకు మించిన పొట్లానికి మాత్రమే చెల్లుతుందని ఉండవచ్చు.
* సంఖ్య: "మూడు కొంటే ఒక డాలరు" అని ఉంటే తగ్గింపు మూడింటికీ కలిపి ఒక డాలరే.
* "ఒక కొనుగోలుకు ఒకటి": ఒక్కొక్క వస్తువుకు ఒక కూపను వాడవచ్చునని అర్థం. "ఒక బిల్లుకు ఒకటి" అని ఉంటే మొత్తం బిల్లుకు ఒకటే వాడాలి. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం సాధారణంగా జరిగే పొరపాటు.
* నగదు విలువ: చాలా కూపన్ల అడుగున "నగదు విలువ సెంటులో నూరవ వంతు" అని ఉంటుంది. వెనుకటి కాలంలో వ్యాపారులు పంచిన స్టాంపులకు నగదు విలువ ముద్రించాలని కొన్ని రాష్ట్రాలు చేసిన చట్టాల వలన ఈ వాక్యం మిగిలింది.

కూపను మీది బార్ కోడులో కంపెనీ, సరుకు, తగ్గింపు వివరాలు ఉంటాయి. పూర్వపు బార్ కోడులో ఈ వివరాలకు చోటు చాలక, ఒక కంపెనీ కూపనును అదే కంపెనీ చేసిన మరొక సరుకుకు వాడినా యంత్రం అంగీకరించేది. 2011 నాటికి జీఎస్1 డేటాబార్ అనే కొత్త కోడు అమలులోకి వచ్చి ఈ లోపం చాలావరకు తొలగింది.

కూపను ప్రయాణం

కొనుగోలుదారు ఇచ్చిన తయారీదారు కూపనును దుకాణం దాచి, ఇతర కూపన్లతో కలిపి క్లియరింగు సంస్థకు పంపుతుంది. అక్కడ వాటిని కంపెనీల వారీగా వేరుచేసి లెక్కిస్తారు. ఈ పనిలో చాలా భాగం కూలి తక్కువైన మెక్సికోలోని కేంద్రాలలో జరిగేది. ఆ లెక్క ప్రకారం కంపెనీ దుకాణానికి కూపను విలువతో పాటు నిర్వహణ ఖర్చు క్రింద సాధారణంగా 8 సెంట్లు చెల్లిస్తుంది. అందువలన షరతులకు లోబడిన తయారీదారు కూపను తీసుకోవడం వలన దుకాణానికి నష్టం లేదు. చెల్లని కూపను తీసుకుంటే మాత్రం ఆ సొమ్ము దుకాణం పోగొట్టుకుంటుంది. డబ్బు తీసుకొనే ఉద్యోగి కూపనును పరిశీలనగా చూడటానికి కారణం ఇదే.

తగ్గింపు లెక్క

ఒకే వస్తువుకు ఒక తయారీదారు కూపను, ఒక దుకాణపు కూపను కలిపి వాడటాన్ని అనేక దుకాణాలు అనుమతిస్తాయి. ఉదాహరణకు 4 డాలర్ల టూత్ పేస్టును ఆ వారం 3 డాలర్లకు అమ్ముతున్నారనుకుందాం. 50 సెంట్ల దుకాణపు కూపను, 1 డాలరు తయారీదారు కూపను వాడితే చెల్లించవలసినది 1 డాలరు 50 సెంట్లు. కూపను దొరికిన వెంటనే వాడకుండా సరుకు ధర తగ్గిన వారం వరకు ఆగితే లాభం ఎక్కువ. తగ్గింపులో ఉన్న సరుకు అయిపోతే, తరువాత అదే ధరకు కొనడానికి "రెయిన్ చెక్" అనే చీటీ అడిగి తీసుకోవచ్చు. కొన్ని దుకాణాలు ఒక పరిమితి వరకు కూపను విలువను రెట్టింపు చేసేవి. ఈ ఆచారం క్రమంగా తగ్గిపోయింది.

అమ్మకపు పన్ను విషయంలో రెండు రకాల కూపన్లకు భేదం ఉంది. చాలా రాష్ట్రాలలో దుకాణపు కూపను తీసివేసిన తరువాతి ధర మీద పన్ను వేస్తారు. తయారీదారు కూపను సొమ్ము దుకాణానికి తిరిగి అందుతుంది గనుక దానిని తీసివేయక ముందరి ధర మీద పన్ను వేస్తారు. పై ఉదాహరణలో పన్ను 2 డాలర్ల 50 సెంట్ల మీద పడుతుంది.

కూపను ఉన్నంత మాత్రాన ఆ సరుకు చౌక అని చెప్పలేము. 12 ఔన్సుల అల్పాహారపు పెట్టె ధర 3 డాలర్ల 60 సెంట్లు, దానికి 1 డాలరు కూపను ఉన్నదనుకుందాం. అప్పుడు ఔన్సుకు సుమారు 21.7 సెంట్లు పడుతుంది. ప్రక్కనే దుకాణపు సొంత బ్రాండు పెట్టె 18 ఔన్సులు 2 డాలర్ల 70 సెంట్లకు ఉంటే ఔన్సుకు 15 సెంట్లే. కూపను లేని సరుకే ఇక్కడ చౌక. అరల మీద ధర చీటీలలో చిన్న అక్షరాలలో ఉండే "ఔన్సు ధర" ఈ పోలికకు ఉపయోగపడుతుంది. కూపన్లు ఎక్కువగా పొట్లాలలో వచ్చే తయారు ఆహారానికి, సబ్బులకు ఉంటాయి. కూరగాయలు, పండ్లు, పప్పుల వంటి వాటికి అరుదు. కనుక కూపనును చూసి కొనవలసిన సరుకుల జాబితా వ్రాసుకోకుండా, జాబితా వ్రాసుకొని దానికి తగిన కూపను వెదకడం మంచిది. కొనదలచుకోని వస్తువును కూపను ఉందని కొంటే, తగ్గినది ధరే గాని ఖర్చు కాదు.

ఆర్థిక శాస్త్ర దృష్టి

ఏటా కోట్ల కాగితాలు ముద్రించి పంచే బదులు కంపెనీలు ధరనే తగ్గించవచ్చు కదా అనే ప్రశ్న సహజం. ఆర్థిక శాస్త్రవేత్తలు దీనికి "ధరల విచక్షణ" అనే సమాధానం చెబుతారు. ఒకే సరుకును వేర్వేరు కొనుగోలుదారులకు వేర్వేరు ధరలకు అమ్మడమే ధరల విచక్షణ. ధర గురించి పట్టింపు లేనివారు కూపను కోసం శ్రమపడరు, పూర్తి ధర చెల్లిస్తారు. ధర తగ్గితేనే కొనేవారు శ్రమపడి తక్కువ ధరకు కొంటారు. ఎవరు ఏ వర్గమో కంపెనీ అడగనవసరం లేదు. కత్తిరించి దాచే శ్రమే వారిని వేరుచేస్తుంది. చక్రవర్తి నరసింహన్ 1984లో మార్కెటింగ్ సైన్స్ పత్రికలో ప్రచురించిన వ్యాసం ఈ సిద్ధాంతాన్ని వివరించిన ముఖ్య రచనలలో ఒకటి.

దీనిని బట్టి కూపను కేవలం దానం కాదని, కొనుగోలుదారు తన కాలాన్ని ఇచ్చి పొందే తగ్గింపు అని తెలుస్తుంది. తీరిక లేనివారికి, అనగా రెండు ఉద్యోగాలు చేసే పేదవారికి కూడా, ఈ తగ్గింపు అందకపోవచ్చు.

న్యూయార్క్ ప్రయోగం

1996 జనవరిలో ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో, రోచెస్టర్, సిరక్యూజ్ నగరాల ప్రాంతంలో ప్రయోగాత్మకంగా కూపన్లను నిలిపివేసింది. వాటికయ్యే ఖర్చును ఆదా చేసి ధరలు తగ్గిస్తామని ప్రకటించింది. మరికొన్ని కంపెనీలు కూడా ఆ ప్రాంతంలో కూపన్లు తగ్గించాయి. ప్రజలు దీనిని అంగీకరించలేదు. నిరసనలు, సంతకాల సేకరణలు జరిగాయి. 1997లో ప్రయోగాన్ని ముగించారు. కంపెనీలు కలిసికట్టుగా కూపన్లు ఆపివేశాయా అని రాష్ట్ర అటార్నీ జనరల్ విచారణ జరిపాడు. ఆ సంస్థ, మరి కొన్ని కంపెనీలు, ఒక దుకాణాల వరుస తప్పు ఒప్పుకోకుండానే రాజీపడి, ఆ ప్రాంత ప్రజలకు 42 లక్షల డాలర్ల విలువ గల కూపన్లు ఇవ్వడానికి అంగీకరించాయి.

2012లో జే.సి. పెన్నీ అనే బట్టల, గృహోపకరణాల దుకాణాల సంస్థ కూడా కూపన్లు మాని ఎప్పుడూ ఒకే తక్కువ ధరకు అమ్మే పద్ధతి ప్రవేశపెట్టింది. ఆ ఏడాది దాని అమ్మకాలు సుమారు నాలుగవ వంతు పడిపోయాయి. తుది ధర తక్కువైనా, తామే సాధించుకున్న తగ్గింపు కొనుగోలుదారులకు ఎక్కువ తృప్తినిస్తుందని చెప్పడానికి ఈ రెండు సంఘటనలనూ ఉదాహరిస్తారు.

అతి వాడకం, మోసాలు

2010 చివర టీఎల్‌సీ టెలివిజను ఛానలులో మొదలైన "ఎక్స్‌ట్రీమ్ కూపనింగ్" కార్యక్రమం వందల డాలర్ల సరుకులను కొద్ది డాలర్లకే కొన్నవారిని చూపించి ప్రసిద్ధి పొందింది. ఇంటి గదుల నిండా సబ్బులు, సాసు సీసాలు నిల్వచేయడం విమర్శకు గురైంది. ఆ తరువాత అనేక దుకాణాలు ఒకరు వాడదగిన కూపన్ల సంఖ్యకు పరిమితులు విధించాయి.

నకిలీ కూపన్లు తయారుచేయడం అమెరికాలో నేరం. వీటిని గుర్తించడానికి తయారీ కంపెనీలు 1986లో కూపన్ ఇన్ఫర్మేషన్ కార్పొరేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థను ఏర్పాటుచేసుకున్నాయి. వర్జీనియా రాష్ట్రంలో ఇంట్లోనే నకిలీ కూపన్లు తయారుచేసి అమ్మిన ఒక మహిళకు 2021లో 12 సంవత్సరాల జైలుశిక్ష పడింది. ఆ కేసులో దుకాణాలకు, కంపెనీలకు కలిగిన నష్టం 3.1 కోట్ల డాలర్లకు పైమాటే. సరుకు పూర్తిగా ఉచితమనే కూపనును ఎవరైనా డబ్బుకు అమ్ముతుంటే అది నకిలీ అయ్యే అవకాశం ఎక్కువ.

డిజిటల్ కూపన్లు - వివాదం

డిజిటల్ కూపనును కత్తిరించనక్కరలేదు, ఇంట్లో మరచిపోయే భయం లేదు. అయితే దానికి స్మార్ట్ ఫోను లేదా కంప్యూటరు, ఇంటర్నెట్, ఈమెయిలు ఖాతా కావాలి. కొన్ని దుకాణాలలో అరమీద పెద్ద అక్షరాలలో వ్రాసిన తగ్గింపు ధర డిజిటల్ కూపను ఎంచుకున్నవారికే వర్తిస్తుంది. ఇది గమనించక వస్తువును తీసుకున్నవారు బిల్లు దగ్గర పూర్తి ధర చెల్లించవలసి వస్తుంది. దీనివలన ఎక్కువగా నష్టపోయేది వృద్ధులు, అల్పాదాయ వర్గాలవారు అని వినియోగదారుల సంఘాలు ఆక్షేపించాయి. కాగితపు కూపనుకు కత్తెర, ఓపిక ఉంటే చాలు. డిజిటల్ కూపనుకు ఎంత ఓపిక ఉన్నా పరికరం లేనిదే ప్రయోజనం లేదు. ఈ కారణంగా 2025లో కాలిఫోర్నియాలోని శాన్ డియేగో నగర పాలక మండలి, డిజిటల్ తగ్గింపు ఇచ్చే కిరాణా దుకాణాలు అదే తగ్గింపును కాగితపు కూపను రూపంలోనూ ఇవ్వాలని శాసనం చేసింది. కొన్ని దుకాణాలలో సహాయ కేంద్రం వద్ద అడిగితే సిబ్బందే ఆ తగ్గింపును బిల్లులో కలుపుతారు.

మరొక ఆక్షేపణ వ్యక్తిగత సమాచారం గురించి. కాగితపు కూపను ఇచ్చినవారు ఎవరో కంపెనీకి తెలియదు. సభ్యత్వ ఖాతా ద్వారా వాడిన కూపను వలన ఎవరు, ఎప్పుడు, ఏమి కొన్నారో నమోదవుతుంది. తగ్గింపుకు బదులుగా కొనుగోలుదారు ఇప్పుడు ఇచ్చేది శ్రమ కాదు, సమాచారం.

ఇతర దేశాలు, భారతదేశం

జర్మనీలో 1933 నాటి చట్టం చిల్లర తగ్గింపులను 3 శాతానికి పరిమితం చేసినందువలన 2001లో ఆ చట్టం రద్దయ్యే వరకు కూపన్లు వ్యాపించలేదు.

భారతదేశంలో కిరాణా కూపన్లు అమెరికాలో వలె స్థిరపడలేదు. సరుకులలో అధిక భాగం చిన్న కిరాణా కొట్లలో అమ్ముడవుతుంది. అటువంటి కొట్ల నుండి చీటీలు సేకరించి సొమ్ము తిరిగి చెల్లించే ఏర్పాటు కష్టసాధ్యం. పొట్లం మీద గరిష్ఠ చిల్లర ధర ముద్రించడం తప్పనిసరి గనుక తగ్గింపును పొట్లం మీదనే తెలపడం కంపెనీలకు సులువు. అందువలన "20 శాతం అదనం", "ఒకటి కొంటే ఒకటి ఉచితం", సబ్బుతో పెన్ను, టీపొడితో గ్లాసు వంటి పద్ధతులే ఎక్కువ. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ పట్టణాలలో సూపర్ మార్కెట్లు పెరిగిన తరువాత సభ్యత్వ పాయింట్లు, ఫోను ద్వారా కొనేవారికి కూపను కోడులు వాడుకలోకి వచ్చాయి. తెలిసిన కొట్టులో నెల సరుకులు ఒకేసారి తీసుకొని, చివర కొంత తగ్గించమని అడగడం మాత్రం ఇక్కడ ఏ చీటీ అక్కరలేని పాత పద్ధతి.

ఇవి కూడా చూడండి

* గరిష్ఠ చిల్లర ధర
* చౌక ధరల దుకాణం
* సూపర్ మార్కెట్
* బార్ కోడు
* వినియోగదారుల హక్కులు